పాటగత్తె గుసగుసలు

2022 వానాకాలం. కరీంనగర్‌లో ఒక చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రి. కింద డాక్టర్‌గారి గది, మొదటి అంతస్తులో నా గది. నేను స్పీచ్ థెరపిస్ట్‌ని. ఈ మాట చెప్పగానే చాలామంది "ఓహో, మాటలు రాని పిల్లలకు మాటలు నేర్పుతారు కదా" అంటారు. అదీ చేస్తాను. పక్షవాతంతో మాట పడిపోయినవాళ్ళూ వస్తారు. అయితే నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని గొంతు పని. పాఠాలు చెప్పి చెప్పి బొంగురుపోయిన టీచర్లు, మార్కెట్లో పొద్దంతా ధర అరిచే వేలంవాళ్ళు, మైకు ఉన్నా మైకును నమ్మని పాస్టర్లు, వీళ్ళంతా నా మనుషులు. గొంతు ఎలా ఉందో డాక్టర్‌గారు చూస్తారు. దాన్ని మనిషి ఎలా వాడుతున్నాడో చూడటం నా పని.

గొంతు విషయంలో నాకు చిన్నప్పటి నుంచీ పట్టింపు ఎక్కువ. మాది హుజూరాబాద్. చర్చి క్వయర్‌లో పాడేదాన్ని. వెనక వరుసలో ఎవరు శ్రుతి తప్పినా తిరిగి చూసేదాన్ని, అందుకని నా వెనక నిలబడటానికి ఎవరూ ఇష్టపడేవారు కాదు. ఆ గుణం ఇంకా పోలేదు. ఫోన్లో ఎవరైనా "హలో" అంటే ఏం చెప్పబోతున్నారన్నది తర్వాత, ముందు వాళ్ళ గొంతు ఎక్కడ బిగుసుకుందో వింటాను. మా ఆయన దీన్ని జబ్బు అంటాడు.

శ్రీలత వచ్చిన రోజు మెట్ల మీదే సందడి వినిపించింది. ఇది ఆమె అసలు పేరు కాదు. అసలు పేరు రాస్తే చేతిలో ఫోనున్న ప్రతివాళ్ళూ గుర్తుపడతారు. ఆమె యూట్యూబ్‌లో జానపద పాటలు పాడుతుంది, వాటిలో నటిస్తుంది కూడా. ఆ ఏడాది మా వైపు ఆమె పాట పెట్టని పెళ్ళి బరాత్ లేదంటే నమ్మండి. పాటల్లో ఆమెకు జోడీగా ఒక కుర్రాడు నటిస్తాడు. అతన్ని అజయ్ అందాం. ఇద్దరూ పొలం గట్ల మీద అలుగుతారు, బండి మీద వెళ్తూ కలిసిపోతారు. చూసేవాళ్ళ దృష్టిలో ఆ ఇద్దరూ నిజంగానే మొగుడూ పెళ్ళాం.

మా రిసెప్షన్‌లో కూర్చునే పద్మకూ అదే నమ్మకం. సెల్ఫీ దిగి, పేరు రాసుకుని, "సార్ రాలేదా అక్కా? షూటింగ్‌ల ఉన్నడా?" అని అడిగింది. శ్రీలతకు గొంతు పెగల్లేదు. ఆమె వెనక ఫైలు, గొడుగు, మంచినీళ్ళ సీసా పట్టుకుని ముప్పై ఏళ్ళ మనిషి ఒకతను నిలబడి ఉన్నాడు.

"నేనే సార్‌ను," అన్నాడు నవ్వుతూ. పద్మ నాలుక కరుచుకుంది.

అతని పేరు తిరుపతి అనుకుందాం. గోదావరిఖని వైపు బొగ్గుబాయిలో పని. శ్రీలతకు స్వయానా మేనత్త కొడుకు. పెళ్ళై ఆరేళ్ళు. కంపెనీ వాళ్ళిచ్చిన క్వార్టర్‌లో కాపురం.

డాక్టర్‌గారు అప్పటికే స్కోప్ చేశారు. అంటే సన్నటి కెమెరా గొట్టాన్ని ముక్కులోంచి దించి వోకల్ కార్డ్స్‌ను చూడటం. మనం మాట్లాడినప్పుడు ఒకదానికొకటి తాకి కంపించే రెండు మడతలవి. పార పట్టిన చేతికి కాయలు కాసినట్టే, అవి అదేపనిగా ఒరుసుకుంటే వాటి మీద చిన్న బుడిపెలు లేస్తాయి. వాటినే నాడ్యూల్స్ అంటాం. శ్రీలతకు అవి ఇప్పుడిప్పుడే మొదలయ్యాయి. ఈ దశలో ఆపరేషన్ అక్కర్లేదు. ముందు కొన్నాళ్ళు వాయిస్ రెస్ట్, అంటే గొంతుకు పూర్తి సెలవు. తర్వాత నా దగ్గర సాధన. అశ్రద్ధ చేస్తే మాత్రం బొంగురు అలాగే నిలిచిపోతుంది, పాటలో పై స్థాయి అందదు.

"బతుకమ్మ వరకు తక్కువైతదా మేడం?" అని అడిగింది. మాటలో గాలి ఎక్కువ, స్వరం తక్కువ. "ఈపారి మంథని కాన్నుంచి ఆదిలాబాద్ దాకా ప్రోగ్రాములు ఒప్పుకున్న. నాకు గొంతు రాకపోతే ఇంకో పిల్లను పెట్టుకుంటరు. ఒక్కపారి ఇంకొకలు అలవాటైతే మళ్ల మనల్ని పిలువరు."

"నేను చెప్పినట్టు ఇంటే తక్కువైతది. పాట బంద్, మాట బంద్. అల్లం రసం, కరక్కాయ, పక్కింటోళ్ళు చెప్పిన కషాయం, అన్ని బంద్. నీళ్ళు తాగు, నోరు మూసుకో."

"గా చివరిది జర గట్టిగ చెప్పుండ్రి మేడం," అన్నాడు తిరుపతి. శ్రీలత అతన్ని మోచేత్తో పొడిచింది. చక్కని జంట అనుకుని పంపించాను.

చెప్పిన రోజుకు మళ్ళీ వచ్చారు. గొంతు ఎంత కోలుకుందో చూడటానికి మేము మొదట చేయించే పని చాలా సులువైనది. ఊపిరి పీల్చుకుని నిలకడగా "ఆ" అనమంటాం. శ్రీలత "ఆ" మధ్యలో రెండు చోట్ల తెగింది. మెడ పక్క కండరాలు తాళ్ళలా బిగుసుకున్నాయి. సెలవు తీసుకున్న గొంతు ఎంతో కొంత తేలికపడాలి. ఇది ముందుకన్నా అలిసిపోయి ఉంది.

డాక్టర్‌గారు ఒక్క మాటలో తేల్చేశారు. "ఇంట్లో పాడుతోంది. ఆర్టిస్టులు ఆగలేరమ్మా."

నాకూ అదే అనుమానం. శ్రీలతను గదిలోకి పిలిచి తలుపు వేశాను.

"నిజం చెప్పు. రికార్డింగ్ చేసినవా?"

తల అడ్డంగా ఊపింది.

"రీల్ చేసినవా? ఒక్క పల్లవి? పోనీ, వంట చేసుకుంట కూనిరాగం?"

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మా అవ్వ మీద ఒట్టు మేడం. ఒక్క పాట పాడలే," అంది గుసగుసగా.

సగమే నమ్మాను. చేసేదేమీ లేక ఇంకో వారం వాయిస్ రెస్ట్ రాసి పంపించాను. మెట్లు దిగుతున్నప్పుడు తిరుపతి ఆమెకంటే నాలుగు మెట్లు ముందు నడుస్తున్నాడు. మొదటిసారి వచ్చినప్పటి హుషారు ఇద్దరిలోనూ లేదు.

రెండు రోజులు గడవకముందే తిరుపతి ఒక్కడే వచ్చాడు. రాత్రి డ్యూటీ దిగి అటు నుంచి అటే బస్సెక్కినట్టున్నాడు. స్నానం చేసినా కళ్ళ అంచుల్లో బొగ్గు కాటుకలా మిగిలే ఉంది. కుర్చీ చూపిస్తే అంచు మీద కూర్చున్నాడు.

"మేడం, ఒక మాట అడుగుత. కాదనద్దు."

"అడుగు తమ్మీ."

"ఆమెకు ఇగ పాట రాదని చెప్పుండ్రి. పాడితె మాట గూడ పోతదని చెప్పుండ్రి. మీరు చెప్తె ఇంటది. నేను చెప్తె లొల్లైతది."

నాకు ఒళ్ళు మండింది. పాట కోసం కన్నీళ్ళు పెట్టుకున్న పిల్ల చేత జన్మలో పాడకుండా చేయడానికి నా నోరు కావాల్సి వచ్చిందా ఇతనికి? లేచి బయటికి వెళ్ళమనబోయాను. ఈలోగా అతని చేతుల మీద చూపు పడింది. బస్సు టికెట్టును సన్నగా చుడుతూ, విప్పుతూ, మళ్ళీ చుడుతున్నాడు. కోపాన్ని కాసేపు పక్కన పెట్టి, "ఎందుకు?" అని మాత్రం అడిగాను.

అతను కిటికీ వైపు చూస్తూ చెప్పాడు.

"ఎండకాలం ఆదిలాబాద్ దిక్కు ఇచ్చోడల ప్రోగ్రాం ఉండె. డ్యూటీకి నాగా పెట్టి, కారు కిరాయికి తీస్కోని నేనే నడుపుకుంట పోయిన. పాటలు అయినంక కమిటీ ఆడోళ్ళు చాప ఏసి ఇద్దర్ని కూసోబెట్టిండ్రు. ఆమెను, గా అజయ్‌ను. బొట్టు పెట్టి బట్టలు పెట్టిండ్రు. ఆమెకు చీర, వానికి ప్యాంటు షర్టు గుడ్డ. నూరేండ్లు సల్లగుండుండ్రని అక్షింతలు ఏసిండ్రు. నేను గోడ కాడ నిలవడి సూస్తున్న. ఒకాయన వచ్చి, డ్రైవరన్నా, నీకు అన్నం గటు దిక్కు పెట్టిండ్రు, పో అన్నడు."

మా వైపు బట్టలు పెట్టడమంటే ఏమిటో తెలియనివాళ్ళకు చెప్పాలి. పెళ్ళిళ్ళలో, కొత్త ఇంట్లో దిగినప్పుడు, చుట్టాలు ఆలుమగల్ని ఒకే చాప మీద పక్కపక్కన కూర్చోబెట్టి ఇచ్చే గౌరవం అది. ఆ చాప మీద భర్త పక్కన తప్ప ఇంకొకరి పక్కన కూర్చోవడమన్నది ఉండదు. ఇచ్చోడ ఆడవాళ్ళు అవమానించాలని చేయలేదు. వాళ్ళకు తెలిసిన జంట అదే.

"శ్రీలత ఏమన్నది?"

"నవ్వుకుంట కూసున్నది. కార్ల వచ్చేటప్పుడు గూడ ఏమనలే. నేను ఏమనలే." కుర్చీలో ఇంకాస్త ముందుకు జరిగాడు. "నేను ఆమెకు సొంత బావను మేడం. చిన్నగున్నప్పటి సంది నన్నే బావా అన్నది. గిప్పుడు దునియా అంత ఇనేటట్టు వాణ్ణి బావా బావా అంటది. పాట గదా అని ఊకుంట. బాయిల దోస్తులు, ఏం తిరుపతీ, నీ సవతి మంచిగున్నడా అని నవ్వుతరు. గదానికి గూడ నవ్విన."

"అంటే పాట నీకు పడదన్నట్టు."

"పాటకేమాయె? ఆమె పాటంటే నాకు పానం." కిటికీ మీంచి చూపు నా వైపు తిప్పాడు. "గుసగుస పెడ్తది మేడం. అదే నాతోని అయితలేదు."

"గుసగుసా?"

"ఫోన్ల. నేను పొద్దుగాల వచ్చి పండుకుంట. ఆమె వంటింట్ల నిలవడి గుసగుస మాట్లాడ్తనే ఉంటది. మీరు నోరు మూసుకొమ్మన్న దినాలల్ల గూడ మాట్లాడింది. ఏం మాటలో సమజ్ కాదు, సప్పుడు ఒక్కటి ఇనవడ్తది. దాసుకునే ముచ్చట కాకపోతె మనిషి గుసగుస ఎందుకు పెడ్తడు? నేను కండ్లు మూసుకోని ఇంటనే ఉంట. పండుకున్ననని ఆమె అనుకుంటది. నిద్ర పోక నెలలైతుంది మేడం. మొన్న బాయిల నిలవడ్డకాన్నే కన్నంటింది. సర్దార్ సూసి రెక్క వట్టి గుంజిండు. లేకపోతె ఏమైతుండెనో."

బాయిలో సర్దార్ అంటే ఆ షిఫ్టులో మనుషుల ప్రాణాలకు పూచీపడే మనిషి. నాకు గుండె జల్లుమంది. దాంతోపాటే నా వృత్తి బుర్రలో ఇంకో సంగతి తట్టింది. గుసగుస!

మాట్లాడొద్దంటే చాలామంది గుసగుసకు దిగుతారు. స్వరం బయటికి రావడం లేదు కాబట్టి గొంతుకు విశ్రాంతే అనుకుంటారు. కాదు. చెవి దగ్గర ఒక మాట చెప్పడం వేరు. అవతలివాళ్ళకు ఫోన్లో వినపడేలా గాలిని నొక్కిపెట్టి గుసగుసలాడటం వేరు. అలా మాట్లాడితే గొంతు చుట్టూ ఉన్న కండరాలన్నీ పిడికిలిలా బిగుసుకుంటాయి. కొందరికి మామూలు మాట కన్నా ఇదే ఎక్కువ చేటు. శ్రీలత పాడలేదన్నది నిజం. ఆ నిజాన్ని నా ఎదురుగా కూర్చుని గుసగుసగానే చెప్పింది. రోగి పాడుతుందా లేదా అని వెతకడంలో పడి, వినపడుతున్నదాన్ని వినలేదు నేను.

"అబద్ధం చెప్పను తమ్మీ," అన్నాను. "ఆమె గొంతు పోలేదు, పోదు. శుక్రవారం ఇద్దరు రాండ్రి. నువ్వు గూడ లోపల్నే కూసోవాలె. ఇయ్యాల రాత్రికి మాత్రం డ్యూటీ ఎక్కద్దు."

అతను తల ఊపి వెళ్ళిపోయాడు. నేను మాత్రం శుక్రవారం దాకా స్థిమితంగా లేను. భర్త చాటుగా వచ్చి చెప్పినదాన్ని భార్య చెవిన వేసే హక్కు నాకు లేదు. ఆమె గొంతు గురించి ఆమెనే అడిగే హక్కు ఉంది. ఒకవేళ ఆ గుసగుసల్లో నిజంగానే దాచుకునేది ఏదైనా ఉంటే? అప్పుడు నా ప్రశ్న ఇద్దరి మధ్యా నిప్పు పెడుతుంది. అడగకపోతే ఆమె గొంతు పోతుంది, అతను బాయిలో నిలబడి నిద్రపోతాడు. ఆలోచించి ఆలోచించి, అడగడానికే నిశ్చయించుకున్నాను.

శుక్రవారం ఇద్దరూ వచ్చారు. తిరుపతి గోడ పక్క కుర్చీలో కూర్చున్నాడు. మామూలు పరీక్షలన్నీ అయ్యాక అడిగాను.

"శ్రీలతా, ఇంట్ల గుసగుస మాట్లాడ్తవా?"

"ఆఁ, మాట్లాడ్త," అంది, ఏ తడబాటూ లేకుండా. "మీరు మాట బంద్ అన్నరని పూరా గుసగుసనే మాట్లాడుతున్న. అంతకు ముందు సంది గూడ అలవాటే. పొద్దంత ఫోన్లు మేడం. ప్రోగ్రామోళ్ళు, ఎడిటింగ్ చేసేటాయన, బ్లౌజులు కుట్టే అక్క, అజయ్."

"మరి గుసగుస ఎందుకు?"

ఇదేం ప్రశ్న అన్నట్టు చూసింది నన్ను. "ఈయన పండుకుంటడు గద మేడం! రాత్రంత బాయిల చేసి వస్తడు. మాకున్నయి రెండే అర్రలు, ముందటర్ర, వంటిల్లు. గట్టిగ మాట్లాడ్తె లేస్తడు. మా బాపు గూడ బాయిల చేసినోడే. బాపు పండుకున్నడంటే మా అవ్వ గిన్నె సప్పుడు గూడ కానియ్యకపోయేది. మమ్ములను సైగల తోనే తిప్పేది. నిద్ర సాలకుంట బాయిల దిగితె మనిషి ఇంటికి వస్తడో రాడో తెల్వదనేది. గందుకే నేను వంటింట్లకు పోయి, తలుపు దగ్గరకేసి మెల్లగ మాట్లాడ్త."

 నేను తిరుపతి వైపు చూడకూడదనుకున్నాను, కానీ చూశాను. అతని ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"నేను పండుకోలే," అన్నాడు.

"ఎప్పుడు?"

"ఒక్కనాడు గూడ పండుకోలే. నువ్వు గుసగుస పెట్టవట్టె పండుకోలే. ఏం మాట్లాడ్తున్నవో, ఎవనితోని మాట్లాడ్తున్నవో అని చెవులు రిక్కించుకోని పండుకున్నట్టు పడి ఉన్న. ఇచ్చోడ కాన్నుంచి నా మనసు మంచిగ లేదు." నేల చూపులు చూస్తూ ఇంకో మాట కూడా అన్నాడు. నేను బయటపెట్టకూడదనుకున్న మాట. "మొన్న ఒక్కన్నే ఈడికి వచ్చిన. నీకు ఇగ పాట రాదని అబద్ధం చెప్పుమని మేడంను బతిమాలిన. ఆమె చెప్పనన్నది."

శ్రీలత లేచి నిలబడింది.

"నా పాట బంద్ పెట్టియ్యాలని సూసినవా?" గుసగుస కాదు, గొంతు. "నేను నీ నిద్ర కోసం నోరు నొక్కుకుంటుంటె, నువ్వు నా నోరే కట్టేయాలనుకున్నవా? నన్ను అడుగొచ్చు గద! ఎవరితోని మాట్లాడ్తున్నవే అని ఒక్కనాడన్న అడిగినవా?"

"అడిగితె నువ్వు చెప్తవా లేదా అని..."

"ఇచ్చోడ అంటున్నవు. ఆ చాప మీద కూసున్నప్పుడు నేను నీ దిక్కే సూసిన. వస్తవు, నేను ఈమె మొగన్ని అంటవు, వాణ్ణి లేపి కూసుంటవు అని సూసిన. నువ్వు గోడకు ఆనుకోని నిలవడ్డవు. డాన్సులేసే పెండ్లాం అని చెప్పుకునేటందుకు నీకు షరమనుకున్న. గందుకే దూరం నిలవడ్డవనుకున్న. అంతమందిల నవ్వకుంట ఏడ్వాల్నా నేను?"

"నాకు షరమా?" అన్నాడు తిరుపతి. కుర్చీలోంచి లేచాడు. తర్వాత ఆ మాటే మళ్ళీ అన్నాడు. "నాకు షరమా, పిచ్చిదానా?"

వాయిస్ రెస్ట్‌లో ఉన్న మనిషి అరవకూడదు. ఆపడం నా ధర్మం. నేను ఆపలేదు. మాట మూడు నాలుగు చోట్ల చీలింది, చివర బొంగురుపోయింది. అయినా ఆమె నోట నేను విన్న మొదటి అసలు గొంతు అదే, గుండెల్లోంచి వచ్చింది. ఆ ఇద్దర్నీ చూస్తుంటే నాకూ ఏడుపొచ్చింది. ఒకే చాప దగ్గర ఇద్దరికీ దెబ్బ తగిలింది, ఎవరికి వాళ్ళు తమకు ఒక్కళ్ళకే తగిలిందనుకుని అన్ని నెలలు ఓర్చుకున్నారు.

తిరుపతి మంచినీళ్ళ సీసా మూత తీసి ఆమె చేతికిచ్చాడు. ఆమె వెంటనే తీసుకోలేదు. చాలాసేపటికి తీసుకుంది.

సంసారాలు చక్కదిద్దడం నా చదువులో లేదు. నాకు తెలిసింది గొంతు. అందుకని గొంతు గురించే చెప్పాను. "కొన్ని దినాలు నిజంగ మౌనం. ఫోన్ వస్తే ఎత్తద్దు, మెసేజ్ పెట్టు. ఆ తర్వాత మాట్లాడు. గుసగుస మాత్రం ఈ జన్మల వద్దు. ఫోన్ ముందటర్రల కూసోని, మామూలు గొంతుతోని మాట్లాడాలె."

"మరి ఆయన పండుకునేది గా అర్రల్నే గద!"

"పండుకోని. ఇప్పుడు ఏం నిద్రపోయి సంబరపడుతున్నడు?"

ఇద్దరూ ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకున్నారు. శ్రీలతకు ఇంకా కోపం తగ్గలేదు, అయినా పెదవి చివర నవ్వు వచ్చి పోయింది.

ఆ రోజుతో అంతా సర్దుకుందని చెబితే అది కథ అవుతుంది. మౌనం రోజులు అయిపోయాక గట్టిగా మాట్లాడటం మొదలైంది. మొదట్లో తిరుపతికి అది ఇంకా కష్టమైందట. ఫోన్లో అజయ్ నవ్వు వినపడితే లేచి బయటికి వెళ్ళి అరుగు మీద కూర్చునేవాడట. శ్రీలత కూడా మూడు వారాల దాకా మనసు విప్పి మాట్లాడలేదు. నా దగ్గరికి సాధనకు వచ్చినప్పుడల్లా "ఆయన అబద్ధం చెప్పుమన్నడు గద మేడం" అనేది. నేను సమర్థించలేదు. అది చిన్న తప్పు కాదు. ఆమెకు కోపం ఉండటమే న్యాయమనిపించింది.

ఒకరోజు సాధన అయ్యేదాకా ఆగి తిరుపతి లోపలికి వచ్చాడు. "గింత బోరు ముచ్చట్లా మేడం!" అన్నాడు. "బ్లౌజు రంగు పచ్చదా ఎర్రదా, గదే ఒక పూట. కెమెరా పెట్టే స్టాండు ఇరిగింది, గది ఇంకో పూట. గా అజయ్‌కు పంటి నొప్పట. పిప్పి పన్ను గురించి ఇద్దరు అర్ధగంట మాట్లాడిన్రు. గీ పంటి నొప్పి ముచ్చట కోసమా నేను నిద్ర చెడగొట్టుకున్నది!"

శ్రీలత పకపకా నవ్వింది. అతను నవ్వడం ఆపి, కొంచెం గొంతు తగ్గించి, నేను కళ్ళతో బెదిరించగానే మళ్ళీ పెంచి చెప్పాడు. "ఇంకొకటి గూడ ఇన్న. ప్రోగ్రాం పెట్టేటాయన ఒకడు, ఒక్కదానివే రా, రూము మంచిగుంటది అన్నట్టున్నడు. ఈమె ఏమన్నదో ఎర్కనా? నా మొగడు ఈడ్నే పండుకున్నడు, లేపాల్నా అన్నది. నేను దుప్పట్ల నోరు మూసుకోని నవ్విన."

"నువ్వు ఇన్నవని నాకు ఎర్క," అంది శ్రీలత. "దుప్పటి ఊగుతుండె."

బతుకమ్మకు ఒప్పుకున్న ప్రోగ్రాముల్లో కొన్ని మాన్పించాను. మిగిలినవి పాడింది. పాటకూ పాటకూ మధ్య మైకులో అరిచి పలకరించే అలవాటు తగ్గించుకుంది. ఊపిరి కడుపులోంచి తీసుకుని పాడటం నేర్చుకుంది. మంథనిలో పాటలు అయ్యాక కమిటీవాళ్ళు చాప వేస్తే, తిరుపతి తనంతట తానే వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాడట. ఎవరీయన అని జనం గుసగుసలాడుకుంటే, అజయే మైకు తీసుకుని "ఈయన అసలు బావ, నేను పాటల బావను" అన్నాడట. "బాయిల మొదటిసారి దిగినప్పుడు గూడ గంత భయం కాలే మేడం," అన్నాడు తిరుపతి నాతో. చలికాలంలో డాక్టర్‌గారు మళ్ళీ స్కోప్ చేసి చూస్తే బుడిపెలు దాదాపు కరిగిపోయాయి. తెర మీద ఆ తెల్లటి మడతలు శుభ్రంగా కలుసుకుంటుంటే నాకు మా క్వయర్ శ్రుతి కుదిరినంత సంతోషమైంది.

చివరిసారి వచ్చినప్పుడు మధ్యాహ్నం అయ్యింది. సాధన ముగిసి శ్రీలతా నేనూ బయటికి వచ్చేసరికి, వరండాలో వరసగా వేసిన ఇనుప కుర్చీల్లో తిరుపతి నిద్రపోతున్నాడు. తల గోడకు వాలింది, నోరు కొద్దిగా తెరుచుకుంది. చుట్టూ పిల్లలు ఏడుస్తున్నారు, పద్మ టోకెన్ నంబర్లు అరుస్తోంది. అతను కదల్లేదు. పద్మ జాలిపడి లేపబోయింది.

"లేపకు," అంది శ్రీలత అందరికీ వినపడేలా, నిండు గొంతుతో. "రాత్రి డ్యూటీ చేసి వచ్చిండు. జరసేపు పండుకోనియ్యి." కూర్చున్నవాళ్ళంతా తిరిగి చూశారు. తిరుపతి మాత్రం లేవలేదు. ఆమె పక్క కుర్చీలో కూర్చుని, ఫోన్ తీసి, ఎవరితోనో వచ్చే నెల షూటింగ్ గురించి గట్టిగా మాట్లాడటం మొదలుపెట్టింది.

ఈ కేసు తర్వాత నా పద్ధతిలో ఒక ప్రశ్న పెరిగింది. గొంతు పోయిందని వచ్చినవాళ్ళను ఇదివరకు ఎంత మాట్లాడతారు, ఎంత అరుస్తారు, ఎంత పాడతారు అని అడిగేదాన్ని. ఇప్పుడు, "ఇంట్లో ఎవరి కోసం గొంతు తగ్గించి మాట్లాడతారు?" అని కూడా అడుగుతున్నాను. ఎక్కువమంది నవ్వేసి ఎవరూ లేరంటారు. కొందరు మాత్రం జవాబు చెప్పే ముందు పక్కన కూర్చున్న మనిషి వైపు ఒకసారి చూస్తారు. అప్పుడు నేను లేచి తలుపు వేసి, ఆ పక్క మనిషిని కూడా కుర్చీ దగ్గరకు జరుపుకోమంటాను.